ఆరడానికి పట్టే కాలం: పెరట్లో కారుకు రంగు వేసుకున్నవారి చరిత్ర

కిందటి వేసవిలో తెనాలిలోని మా పాత ఇంటి అటక సర్దుతుంటే ఒక రేకు పెట్టె బయటపడింది. అందులో లప్పం రాసే రేకు బద్దలు రెండు, అరిగి గుడ్డలా మెత్తబడిన వాటర్ పేపరు ముక్కలు, దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు ఒకటి, అడుగున రాయిలా గడ్డకట్టిన నీలిరంగుతో ఒక డబ్బా ఉన్నాయి. 1986లో మా నాన్నగారు ఊళ్ళో ఒక డాక్టరు గారి దగ్గర పాత ఫియట్ కారు కొన్నారు. షెడ్డువాళ్ళు రంగుకు అడిగిన మొత్తం విని గుండె గుభేలుమని, ఆ పని తానే నేర్చుకుని దసరా సెలవుల్లో పెరట్లోనే కానిచ్చారు. ఆ పెట్టె ఆనాటి సామగ్రి.

ఆ పెట్టె కనబడిన రోజుల్లోనే నా కారు బానెట్టు మీద రంగు పాము కుబుసంలా పొరలు పొరలుగా లేవసాగింది. నేనూ ఇంట్లోనే వేసుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన కలిగింది. చెయ్యి పెట్టేముందు కొంత చదవడం నాకు అలవాటు. చదివినకొద్దీ తెలిసినదేమిటంటే, కారు రంగు చరిత్ర నిజానికి రంగుల చరిత్ర కాదు. అది ఆరడానికి పట్టే కాలపు చరిత్ర. ఆ కాలాన్ని తగ్గించడానికి మనుషులు ఏమేం చేశారు, దానికి బదులుగా ఏం చెల్లించారు అన్నదే అందులోని అసలు కథ. ఆ కథను, దానిలో మా పెరటికి ఉన్న చిన్న చోటును ఇక్కడ చెప్పదలచుకున్నాను.

బగ్గీల వారసత్వం

మొదటి మోటారు కార్లు రూపంలోనే కాక రంగులో కూడా గుర్రపు బగ్గీల సంతానమే. బగ్గీలకు రంగు వేసే పనివారే వాటికీ వేసేవారు. ఆ పద్ధతిని తలచుకుంటే ఇవాళ మనకు ఓపిక నశిస్తుంది. ముందు కొయ్యకు సఫేదా, అంటే తెల్ల సీసం, అవిసె నూనెలో కలిపిన పూత. అది ఆరాక మట్టిపొడుల వంటివి కలిపిన ముతక పూతలు నాలుగైదు. వాటిని నీళ్ళు పోస్తూ ప్యూమిస్ రాతితో అద్దంలా చదును చేయాలి. ఆపైన రంగు పూతలు, ఆపైన అవిసె నూనెలో శిలాజ గుగ్గిలాలు కాచి తీసిన వార్నీషు పూతలు. ఒక్కొక్క పూతకూ మధ్య రోజుల తరబడి విరామం. మొత్తం పని ముగిసేసరికి వారాలు, మంచి బండి అయితే నెలలు గడిచేవి.

ఇంత ఆలస్యానికి కారణం అవిసె నూనె స్వభావంలో ఉంది. బట్ట ఆరడం, నూనె ఆరడం ఒకటి కాదు. తడిబట్టలోని నీరు ఆవిరై పోతుంది. అవిసె నూనెలోంచి పోయేది దాదాపు ఏమీ లేదు. అది గాలిలోని ఆమ్లజనిని తనలోకి తీసుకుని, అణువుకు అణువు కొక్కెం వేసుకుని, మెల్లగా గట్టి పొరగా మారుతుంది. అందుకే ఆరుతున్న నూనె పొర కొంత బరువు కూడా పెరుగుతుంది. గాలి తనంతట తాను వచ్చి చేయవలసిన పనిని మనిషి తొందరపెట్టడం కష్టం. ఆ లోపల ఎగిరివచ్చే ప్రతి దుమ్ము కణం, ప్రతి ఈగ పూతలో చిక్కుకుంటుంది. నేల తడిపి, తలుపులు మూసి, పనివారు పిల్లుల్లా నడిచేవారంటే అతిశయోక్తి కాదు.

ఇంత శ్రమ పడినా ఆ మెరుపు ఎక్కువ కాలం నిలిచేది కాదు. ఎండకూ వానకూ వార్నీషు పసుపు తిరిగి, పగుళ్ళు వారి, నీలం బండి ఆకుపచ్చగా, తెల్ల బండి మీగడ రంగులో కనిపించేది. ఏడాది రెండేళ్ళకు మళ్ళీ రంగు వేయించక తప్పేది కాదు. బండిని నెలరోజులు షెడ్డులో వదలలేనివారు, డబ్బు లేనివారు ఆ పని తామే చేసుకోవడం ఇక్కడే మొదలైంది. అమెరికాలో 1910ల నాటికే రంగుల కంపెనీలు సొంతదారులు కుంచెతో వేసుకోదగిన కారు ఎనామిళ్ళను చిన్న చిన్న డబ్బాలలో అమ్మాయి. శనివారం సాయంత్రం కొట్టంలో బండి నిలిపి, కుంచె తీసుకుని, ఆదివారమంతా దాన్ని ముట్టకుండా ఉంటే చాలునన్న ధోరణి వాటి ప్రకటనలలో ఉండేది. ఫలితం బగ్గీ పనివాడి పనితనంతో పోల్చదగినది కాదు. అయినా బండి తుప్పు పట్టకుండా బతికేది. ఇంటి కారు రంగు చరిత్రకు ఇది మొదటి అధ్యాయం. అప్పటికి కావలసినవి ఒక కుంచె, ఓపిక. అంతే.

నలుపు వెనుక లెక్క

కార్ల తయారీ ఫ్యాక్టరీల చేతికి వచ్చాక ఈ ఆలస్యం భరించలేని భారమైంది. రోజుకు వెయ్యి కార్లు చేసే కర్మాగారం ఒక్కొక్క కారునూ మూడు వారాలు ఆరబెట్టవలసి వస్తే ఏమవుతుందో పాఠకులు లెక్క వేసి చూడవచ్చు. ఏ క్షణాన చూసినా ఇరవై ఒక్క వేల కార్లు పైకప్పు కింద, దుమ్ము తగలకుండా, ఊరికే నిలబడి ఉండాలి.

హెన్రీ ఫోర్డు తయారు చేసిన మోడల్ టి కారు 1908లో వచ్చినప్పుడు వేర్వేరు రంగుల్లో దొరికేది. 1914 నుంచి 1925 దాకా మాత్రం నల్లరంగు తప్ప మరొకటి లేదు. నలుపు అన్నిటికన్నా త్వరగా ఆరుతుంది కాబట్టి అని చాలాకాలంగా చెప్పుకుంటారు. విషయం అంత సులువు కాదు. మడ్గార్డుల వంటి ఇనుప భాగాలకు శిలాజిత్తు వంటి సహజ తారు కలిపిన నల్లటి పూత వేసి కొలిమిగదుల్లో కాల్చేవారు. అది చౌక, గట్టిది, త్వరగా సిద్ధమయ్యేది. అయితే తారు పుట్టుకతోనే నలుపు కాబట్టి దానిలో వేరే రంగు పలకదు. బాడీలో మాత్రం కొయ్య చట్రం ఉండేది. అంత వేడిలో కాలిస్తే కొయ్య పాడవుతుంది. కనుక దానికి గాలిలో ఆరే నల్ల పూతలే గతి. అంటే ఆ నలుపు ఒక్క రంగు కాదు. ఒకే కారు మీద వేర్వేరు భాగాలకు వేర్వేరు నలుపులు. అన్నీ కలిసి ఒకటిగా కనబడటమే నలుపులోని సౌకర్యం.

ఎండలో మరచిపోయిన పీపా

మొదటి ప్రపంచ యుద్ధంలో డ్యూపాంట్ కంపెనీ పేలుడు మందుల కోసం నైట్రోసెల్యులోజును విస్తారంగా తయారు చేసింది. పత్తిని ఆమ్లాలతో సంస్కరిస్తే వచ్చే పదార్థమిది. తుపాకిమందుకు, సినిమా ఫిల్ముకు, చెక్కసామాను మెరుగుకు మూలం ఇదే. యుద్ధం ముగిశాక ఆ కర్మాగారాలకు వేరే పని కావలసి వచ్చింది.

నైట్రోసెల్యులోజును ద్రావకంలో కరిగించి పూతగా వాడటం అప్పటికే తెలిసినదే. చిక్కు ఏమిటంటే అది జిగురులా చాలా చిక్కగా ఉండేది. పలుచన చేయడానికి ద్రావకం ఎక్కువ పోస్తే, ఆరాక మిగిలే పొర ఉల్లిపొర అంత పలుచన. కారుకు అలాంటివి లెక్కలేనన్ని పూతలు వేయాలి. 1920 వేసవిలో ఆ కంపెనీ రసాయనికులు ఒక సంగతి గమనించారు. కొంత సోడియం ఎసిటేటు కలిసిన ద్రావణం పీపాలో వేడికి నిలవ ఉండిపోయి, నీళ్ళలా పలుచబడింది. పలుచబడినా అందులోని సరుకు తగ్గలేదు. దాంతో ఒక్క పూతలో ఎక్కువ సరుకు, ఎక్కువ రంగు పట్టించడం సాధ్యమైంది.

జనరల్ మోటార్స్‌లో పరిశోధనలకు అధిపతి అయిన చార్లెస్ కెటరింగ్ అప్పటికే త్వరగా ఆరే రంగు కోసం తహతహలాడుతున్నాడు. రెండు కంపెనీలూ కలిసి రెండు మూడేళ్ళు శ్రమించి ఈ లాకర్‌ను కారుకు తగినట్టు చేశాయి. దానికి డ్యూకో అని పేరు పెట్టారు. 1923లో, మరుసటి ఏటి మోడలుగా వచ్చిన ఓక్‌లాండ్ కారు నీలిరంగు డ్యూకోతో బయటికి వచ్చింది. కెటరింగ్ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కారు రంగు వేయడానికి వారాలు తప్పవని వాదించిన ఒక రంగుల వ్యాపారిని ఆయన భోజనానికి పిలిచాడట. ఆ పెద్దమనిషి తిని బయటికి వచ్చేసరికి తన కారు కనబడలేదట. ఎదుట ఉన్నది తనదే, రంగు మాత్రం వేరు. కథ ఎంతవరకు నిజమో గాని, వారాల పని గంటలలోకి వచ్చిందన్నది నిజం.

ఇక్కడ మాటల గురించి ఒక మాట. లాకర్ అన్న ఇంగ్లీషు మాటను వెనక్కి తవ్వుకుంటూ పోతే పోర్చుగీసు, అరబ్బీ, పారశీకాల మీదుగా సంస్కృతంలోని లాక్షకు, అంటే మన లక్కకు చేరతాం. డ్యూకోలో లక్క లేదు. పేరు మాత్రం మిగిలింది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవారు ఇప్పటికీ అసలు లక్కనే వాడతారు. తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి అది కరిగి అంటుకుంటుంది. చల్లబడగానే మెరుస్తుంది. ఆరబెట్టే పనే లేదు. అమెరికా కర్మాగారాలు కోట్లు పోసి వెదికిన తొందర ఒక తరిమెన పట్టే చేతిలో ఎప్పటినుంచో ఉంది. బొమ్మను తరిమెనకు ఎక్కించవచ్చు. కారును ఎక్కించలేం. అదీ తేడా.

గొంతు డాక్టరు పరికరం

డ్యూకో వెనుక ఇంకొక పరికరం ఉంది. అది లేకపోతే ఈ కథ నడవదు. నైట్రోసెల్యులోజు లాకర్ అవిసె నూనెలా గాలిని తీసుకుని ఆరేది కాదు. అందులోని ద్రావకం ఎగిరిపోతే మిగిలేదే పొర. అది ఎంత త్వరగా ఎగిరిపోతుందంటే కుంచె రెండోసారి తగిలేసరికే మొదటి గీత జిగటబడి చారలు తేలుతుంది. కాబట్టి దాన్ని చల్లాలి.

ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో ఆలెన్ డెవిల్‌బిస్ అనే వైద్యుడు ఉండేవాడు. రోగుల గొంతులోకి మందును సన్నని తుంపరగా పంపడానికి 1888లో ఆయన రబ్బరు బుడ్డి ఉన్న ఒక పరికరాన్ని తయారుచేశాడు. నొక్కితే వచ్చే గాలి, ద్రవాన్ని పైకి లాగి పొగమంచులా విరజిమ్ముతుంది. ఆయన కుమారుడు టామస్ అదే సూత్రం మీద 1907లో రంగు చల్లే గన్ను రూపొందించాడు. మొదట సామాన్లకు వాడారు. డ్యూకో వచ్చాక అది కార్ల కర్మాగారాలన్నిటికీ చేరింది.

గొంతుకు ఉపశమనం కలిగించడానికి పుట్టిన పరికరం రంగును గొంతులోకి, ఊపిరితిత్తుల లోతుకు పంపే సాధనంగా మారడం చరిత్రలోని వైపరీత్యాలలో ఒకటి. మందు లోపలికి ఎంత సులువుగా వెళ్ళాలని ఆ వైద్యుడు కోరుకున్నాడో, రంగు కూడా అంత సులువుగానే వెళుతుంది. తుంపరకు మందేదో, రంగేదో తెలియదు.

ఇంకొక పరిణామం కూడా జరిగింది. కుంచె ఎవరి ఇంట్లోనైనా ఉంటుంది. గన్ను, కంప్రెసరు ఉండవు. తొందర వచ్చిన మరుక్షణం పని ఇంటి కొట్టాన్ని వదిలి షెడ్డుకు వెళ్ళిపోయింది. ఇల్లు దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి పడిన అవస్థలు కొన్ని నవ్వు తెప్పిస్తాయి. ఆ తర్వాతి దశాబ్దాలలో కొన్ని వాక్యూమ్ క్లీనర్లతో పాటు రంగు చల్లే సీసా కూడా ఇచ్చేవారు. దుమ్ము పీల్చే యంత్రాన్ని వెనకనుంచి తగిలిస్తే అది గాలి ఊదుతుంది, ఆ గాలితో కుర్చీలకూ కంచెలకూ రంగు చల్లుకోవచ్చు. సాహసవంతులు కార్ల మీద కూడా ప్రయోగించి ఉంటారనడంలో నాకు సందేహం లేదు.

అసలైన తిరుగుముఖం డబ్బాలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మలేరియా దోమల నుంచి సైనికులను కాపాడటానికి అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గుడ్‌హ్యూ, సలివాన్ అనే ఇద్దరు, ద్రవరూపంలోకి అణచిన వాయువుతో దోమల మందును తనంతట తాను చిమ్మే డబ్బాను తయారుచేశారు. 1949లో ఇలినాయి రాష్ట్రంలో ఎడ్వర్డ్ సేమోర్ అనే రంగుల వ్యాపారి అదే తరహా డబ్బాలో అల్యూమినియం రంగు నింపాడు. ఆ సలహా ఆయన భార్య బానీదట. కంప్రెసరు అక్కరలేదు, గన్ను కడగక్కరలేదు. మీట నొక్కితే చాలు. గీత పడిన తలుపును, తుప్పు పట్టిన అంచును ఇంటి దగ్గరే సరిచేసుకునే అవకాశం మళ్ళీ సామాన్యుడికి చిక్కింది. గన్ను గొంతు మందులోంచి పుడితే డబ్బా దోమల మందులోంచి పుట్టింది. మా నాన్నగారి పెట్టెలోని ఫ్లిట్ పంపు నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మా పెరడు

డ్యూకో అన్న మాట మన దేశానికి కూడా వచ్చి, ఇక్కడ సొంత బతుకు బతికింది. అది ఒక కంపెనీ సరుకు పేరన్నది మరచిపోయి, గన్నుతో కొట్టే మెరుపు రంగు దేన్నయినా డ్యూకో అనడం మన పనివారికి అలవాటు. ఇవాళ్టికీ వడ్రంగులు బీరువాకు డ్యూకో కొట్టించమంటారా అని అడుగుతారు. డెట్రాయిట్ కార్ల మాట మన ఇళ్ళలో బీరువాల మాట అయింది.

కారు కొత్తది కొనాలంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసిన రోజులవి. ఉన్న అంబాసిడర్‌నో ఫియట్‌నో మళ్ళీ మళ్ళీ రంగు వేసి ఇరవై ముప్పై ఏళ్ళు నడిపేవారు. టింకరింగు, పెయింటింగు అన్న జంట పదం ప్రతి ఊరి బస్టాండు వెనక గోడల మీదా కనిపించేది. మా నాన్నగారు ఆ షెడ్లలో ఒకదాని ముందు నాలుగు సాయంత్రాలు నిలబడి చూసి వచ్చి, విద్య పట్టుబడిందని ప్రకటించారు.

మొదటి వారమంతా గీకుడే. తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, గుంటలకు లప్పం పెట్టి, ఆరాక వాటర్ పేపరుతో రుద్దడం. నేను చెంబుతో నీళ్ళు పోసేవాణ్ణి. "కంటితో కాదురా, అరచేత్తో చూడు" అనేవారు. కన్ను పట్టని గుంటను అరచెయ్యి పడుతుంది. రంగు వేశాక అదే గుంట ఎండలో దీపంలా కనబడుతుంది. ఆ మాటను తర్వాత ఎన్నో విషయాలలో గుర్తుచేసుకున్నాను.

రంగు మొదట ఫ్లిట్ పంపుతో కొట్టబోయారు. అది తుంపరకు బదులు చుక్కలు ఉమ్మింది. చివరికి కంప్రెసరు, గన్ను అద్దెకు తెచ్చారు. ఆ రోజు వాన లేదు గాని గాలి చెమర్చి ఉంది. నీలిరంగు కొట్టిన పది నిమిషాలకు బానెట్టు మొత్తం మీద తెల్లటి మసక కమ్మింది. ఆయన ముఖం చూడలేకపోయాను. కారణం ఇప్పుడు తెలుసు. థిన్నరు త్వరగా ఎగిరిపోతూ తనతో వేడిని తీసుకుపోతుంది. పూత చల్లబడితే గాలిలోని తేమ మంచులా దాని మీద పేరుకుని లోపల చిక్కుకుంటుంది. మిచిగన్‌లో తొందర కోసం చేసిన రంగుకు కృష్ణా డెల్టాలో అక్టోబరు గాలి సంగతి తెలియదు. రెండు రోజులు ఆగి, రుద్ది, మెల్లగా ఎగిరే థిన్నరుతో, పొడి గాలి ఉన్న మధ్యాహ్నం మళ్ళీ కొట్టారు. ఈసారి కుదిరింది.

ముక్కుకు జేబురుమాలు తప్ప మరే రక్షణా లేదు. ఆ రాత్రి దగ్గు ఆగలేదు. ఉమ్మితే నీలం. మా అమ్మ మిరియాల కషాయం ఇస్తూ, "రంగు బండికి వేశారా, మీ గొంతుకు వేశారా?" అంది. మేమందరం నవ్వాం. ఆయనా నవ్వారు. తర్వాతి ఏళ్ళలో ఆయనకు ఆయాసం వచ్చింది. ఆ వారానికీ దీనికీ సంబంధం ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను. టొలీడో వైద్యుడి కథ చదివిన రోజున మాత్రం అమ్మ మాట నాకు మళ్ళీ వినిపించింది. ఈసారి నవ్వు రాలేదు.

కొత్త తొందర, కొత్త మూల్యం

ఆనాటి నైట్రోసెల్యులోజు రంగులు ఇప్పుడు చాలావరకు వెనకబడ్డాయి. జర్మనీలో ఆటో బేయర్ బృందం 1937లో కనిపెట్టిన పాలీయురేథేను రసాయనం ఆధారంగా రెండు భాగాల రంగులు వచ్చాయి. ఒకటి రంగు లేదా పారదర్శకమైన పైపూత, రెండోది హార్డ్‌నరు. రెండూ కలిపిన క్షణం నుంచి లోపల చర్య మొదలై కొన్ని గంటలలో గాజులా గట్టిపడుతుంది. ఇవాళ్టి కార్ల మెరుపు చాలావరకు ఇదే.

ఆ హార్డ్‌నరులో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని బలిగొన్న వాయువు కూడా ఐసోసయనేట్ల కుటుంబానికి చెందినదే. రెండూ ఒకటి కావు. భోపాల్ విషం ఇట్టే ఆవిరయ్యేది, రంగుల్లోది అంత త్వరగా ఆవిరి కాదు. అయితే గన్ను దాన్ని తుంపర చేసి గాలిలో నిలుపుతుంది. రంగు పనివారికి వృత్తి కారణంగా వచ్చే ఉబ్బసానికి ప్రధాన కారణాలలో ఇదొకటని వైద్యులు చెబుతారు. ఒకసారి శరీరం దానికి పగపడితే, ఆ తర్వాత అతి కొద్ది మోతాదు కూడా ఆయాసం రప్పిస్తుంది. హానికరమైన మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు. అందుకే మామూలు మాస్కు చాలదని, బయటినుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే ముసుగు వేసుకోవాలని చెబుతారు.

చరిత్రనంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచినదిది. అవిసె నూనె గాలినుంచి తీసుకుని ఆరింది. లాకర్ గాలికి వదిలి ఆరింది. హార్డ్‌నరు గాలితో పని లేకుండానే గట్టిపడింది గాని, ఆ గాలి పీల్చేవాడిని పట్టుకుంది. కాలం తగ్గిన ప్రతిసారీ ఆ తగ్గిన కాలాన్ని ఎవరో ఒకరి ఊపిరి భర్తీ చేసింది.

నా బానెట్టు సంగతికి వస్తే, లేచిపోతున్నది ఆ రెండు భాగాల పైపూతే. ఇంట్లో దాన్ని గన్నుతో కొట్టకూడదని నిశ్చయించుకున్నాను. పోనీ షెడ్డుకు ఇద్దామని వెళ్ళాను. పాతికేళ్ళ కుర్రవాడు, మా నాన్నగారిలాగే ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేస్తున్నాడు. గాలి ముసుగు లేదా అని అడిగాను. "అదేసుకుంటే చెమటకి అద్దం మసకబారుద్ది సార్, షేడు కనపడదు" అన్నాడు. దబాయించడానికి నాకేం హక్కు? కాని నా ఊపిరిని కాపాడుకుని, అదే పనిని అతని ఊపిరికి అప్పజెప్పి డబ్బు చెల్లించి రావడం కూడా చేతకాలేదు. బండి వెనక్కి తెచ్చాను.

ఇప్పుడు చేస్తున్నది 1910ల నాటి పని. చేతితో పూసే సాధారణ ఎనామిలు. ఇందులోని ఆల్కిడ్ రెసిన్‌లో మొక్కల నూనెల అంశ ఉంటుంది కాబట్టి పాత అవిసె నూనెలాగే గాలితో ఆరుతుంది. టర్పెంటైను వాసన ఉంటుంది, కాబట్టి ఆరుబయటే పని. లేస్తున్న పొరను నీళ్ళు పోస్తూ రుద్దాను. పొడిగా రుద్దితే పాత రంగుల దుమ్ములో ఏముందో తెలియదు. ముదురు పసుపు, ఎరుపు రంగుల్లో ఒకప్పుడు సీసపు లవణాలు విరివిగా వాడేవారు. ప్రైమరు పూసి, ఎనామిలును బాగా పలుచన చేసి, స్పాంజి రోలరుతో పలుచటి పూతలు వేస్తున్నాను. రెండేసి పూతలకు ఒకసారి సన్నటి వాటర్ పేపరు. రంగు మార్చదలచినవారు రిజిస్ట్రేషన్ పత్రంలో బండి రంగు కూడా నమోదై ఉంటుందని మరువరాదు. నేను పాత రంగే వేస్తున్నాను.

షెడ్డు మెరుపు దీనికి రాదు. దగ్గరగా చూస్తే నారింజ తొక్కలా సన్నటి గరుకు తెలుస్తుంది. నీళ్ళు పోసే పని మా అమ్మాయి చేస్తోంది. మొదటి రోజు దానికీ అరచేత్తో చూడమని చెప్పాను.

నాలుగో పూత వేసి ఇవాళ్టికి మూడు రోజులు. గోటితో నొక్కితే ఇంకా గుర్తు పడుతోంది. వచ్చే ఆదివారం దాకా ఆగాలి.